చర్చి తాత తోటలోకి సైకిళ్లు ఎట్లా వచ్చాయంటే

మేము వయసులో ఉన్న రోజుల్లో మా వైపు కొత్త మనిషి కనబడితే ముందు చేతుల్లోకి చూసేవాళ్లం, ఆ తరువాతే మొహంలోకి. చేతిలో గొలుసు ఉంటే భూమి కొలిచేవాడు, టెంకాయ ఉంటే బోరుకు నీళ్లు చూసేవాడు, గడ్డపార ఉంటే కొండ మీది పాత గుడిలో నిధికి తవ్వేవాడు. వట్టి చేతులతో వచ్చినవాడు అందరికంటే ప్రమాదం, ఎందుకు వచ్చాడో తెలియదు కాబట్టి. అట్లాంటి చోటికి, రిజర్వాయరుకూ ఎర్రమల కొండలకూ మధ్య ఉన్న మా గరుసు దారి మీదికి, ఇప్పుడు ప్రతి చలికాలం బెంగళూరు నుంచి సైకిళ్ల వాళ్లు గుంపులుగా వస్తున్నారు. లావు టైర్లు, వంకర హ్యాండిళ్లు. ఇట్లాంటి గరుసు దారుల్లో తొక్కడాన్ని గ్రావెల్ బైకింగ్ అంటారట. ద్రాక్షతోటల్లో దూరి, నీళ్ల వెంబడి సాగి, కొండపాదం ఎక్కే ఆ దారికి వాళ్లలో మంచి పేరుంది. అది ఎట్లా పుట్టిందో చెప్పుకునేటప్పుడు వాళ్లు నన్ను కూడా ఒక మంచివాడిగా కలుపుతారు. అది అబద్ధం. అసలు సంగతి రాసిపెట్టాలని ఇన్నేళ్లకు కూర్చున్నాను.

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, మా మామ ద్రాక్షతోటలో మేస్త్రీగా కుదిరాను (మేస్త్రీ అని నేను చెప్పుకునేవాణ్ణి, మామ మాత్రం 'కాపలాకు పెట్టుకున్యా' అనేవాడు). మామ అనుమానానికి అంతుండేది కాదు. పాలలో నీళ్లు కలిశాయేమోనని రోజూ వేలు ముంచి చూసేవాడు. ఆ బర్రె తనదే, పాలు పిండింది మా అత్తే. అయితే ఆయన భయానికి కారణం లేకపోలేదు. ఎర్రగుంట్ల దగ్గర ఆయనకున్న చేను సున్నపురాయి గనిలోకి పోయింది. మొదట ఎవడో వచ్చి కంపచెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి పోయాడట. "పిల్లోళ్లు ఆడుకుంటాండారేమో అనుకున్యా" అని మామ తల కొట్టుకునేవాడు. తరువాత చేను లేదు. వచ్చిన పరిహారంతో ఈ తోట పెట్టాడు. ఇదీ పోతే మళ్లీ పెట్టే వయసు ఆయనకు లేదు.

వాన వెలిసిన ఒక పొద్దున ఒకాయన ఒంటరిగా సైకిలు మీద వచ్చాడు. చుట్టూ చూస్తున్నాడు. నేను అడ్డం పోయాను.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"ఊరికే సార్. ఈ దారి యాడికి పోతాదో చూద్దామని."

"దారి యాడికి పోతే నీకేమి?"

"శానా బాగుండాది సార్ ఈడ," అని నవ్వాడు.

ఈ మాట చెప్పగానే మామ మొహం మాడిపోయింది. "బాగుండాది అన్న్యాడా? బాగుండాది అన్నోడు ఊరికే పోడు రేయ్ అల్లుడూ. వాడు యాడ నిలబడినాడో, యాడ వంగినాడో, యాడ ఉచ్చ పోసినాడో అంతా నాకు చెప్పల్ల."

అప్పట్నుంచి ఆయన వచ్చినప్పుడల్లా నేను కంపచెట్ల చాటున వెంటపడ్డాను. ప్రతి మలుపులోనూ ఆగి హ్యాండిలుకున్న చిన్న డబ్బాలోకి చూసేవాడు (అది దారి చూపే యంత్రమని తరువాత తెలిసింది). ఒకసారి అరటిపండు తిని, తొక్కను సంచిలో వేసుకుని పోయాడు. ఆనవాలు కూడా మిగలనియ్యడం లేదంటే వీడు మామూలోడు కాదనుకున్నాను. చివరికి ఒకనాడు సంచిలోంచి నారింజరంగు రిబ్బన్లు తీసి మా కంచె వెంబడి కంపచెట్లకు కట్టుకుంటూ పోయాడు. మామ చెప్పిన ఎర్రగుడ్డ పీలికలే గుర్తొచ్చాయి. ఎందుకు కడుతున్నావని అడగవచ్చు. అడిగితే నిజం చెబుతాడా అని అడగలేదు.

మా తోట మూల దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమది మా కంచె పక్కన పోతుంది, కుడిది చర్చి తాత తోటలోంచి రిజర్వాయరు గట్టెక్కుతుంది. రెండూ కొండపాదం దగ్గర కలుస్తాయి. ఆదివారం మా ఊరి చర్చిలో గంట కొట్టేది తాతే కాబట్టి ఆయనకు ఆ పేరు. ఆయనకూ అవ్వకూ ఆ చిన్న తోటే ఆధారం. మిట్టమధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు నేను మా వైపు రిబ్బన్లన్నీ విప్పి, తాత తోటలో పందిరి మోసే రాతి స్తంభాలకు వరసగా కట్టాను. తాతకు అపకారం చేయాలని కాదు. మనది కాకుంటే చాలు అనుకున్నాను, అంతే. (మా వైపు సగం పాపాలు ఈ ఒక్క మాట మీదనే నడుస్తాయి.)

అది దసరా దాటిన సమయం. ద్రాక్షకు అప్పుడే కత్తిరింపు పడాలి. ఆ అదను తప్పితే ఆకు తప్ప గుత్తి రాదు. అన్ని తోటల్లో కత్తెరలు ఆడుతుంటే తాత మాత్రం వచ్చిన కూలీలను వెనక్కు పంపి గట్టు మీద కూర్చున్నాడు.

"తాతా, కత్తిరింపు మొదలుపెట్టలేదా?"

"ఎవురికోసరం నాయనా? గుడ్డలు కట్టి పోయినారు సూడు. పీనుగుకు సింగారం ఏమిటికి?" అని, ఇంటి వైపు చూసి, "అవ్వకు చెప్పలా ఇంకా. కండ్లు సరిగా కనపడవు గదా, గుడ్డలు చూడలా," అన్నాడు.

నేను మా తోటకు వచ్చేశాను. మామ ముందు రెండు రోజులు సంతోషపడ్డాడు. మూడో రోజుకు కొత్త అనుమానం పుట్టింది. "వాని తోటకే ఎందుకు కట్టినారబ్బా? మన భూమి కంటే వానిది మంచిదా ఏంది?"

ఆ ఆదివారం సైకిళ్లు దిగాయి. ఇరవై దాకా ఉంటాయి. రిబ్బన్లు చూసుకుంటూ తలలు వంచి తాత పందిరి కిందికి దూరాయి. అప్పుడే చర్చి నుంచి వస్తున్న తాత తెల్లబట్టలతో ఎదురుపోయి చేతులు జోడించాడు. నేనూ పరుగెత్తాను.

"దొరా, ఎప్పుడు ఖాళీ చెయ్యల్ల?"

ముందున్న అరటిపండు మనిషి సైకిలు దిగాడు. "ఏం ఖాళీ తాతా? మేము సైకిల్ తొక్కేకి వచ్చినాం. దారి తప్పకుండా గుర్తులు కట్టుకున్యాం."

"బెంగుళూరు నుంచి? తొక్కేకే?"

"తొక్కేకే."

"దుడ్లు ఎవురన్నా ఇస్తారా?"

"మేమే పెట్టుకుని వస్తాం తాతా."

తాత వాళ్లందరినీ పైనుంచి కిందికి చూసి, "ఇంట్లో పెద్దోళ్లకు చెప్పి వచ్చినారా?" అన్నాడు. అరటిపండు మనిషి మాత్రం రిబ్బన్ల వైపు చూసి, "నేను కట్టింది ఆ పక్క కదా," అని నా వైపు తిరిగాడు. "శానా గాలి కొట్టింది లేప్పా," అన్నాను రిజర్వాయరు వైపు చూస్తూ. రెండు ముళ్లు వేసి కట్టిన రిబ్బన్లను ఊడదీసి, మళ్లీ రెండు ముళ్లు వేసి కట్టే గాలి అది. ఆయన పందిరి నీడనూ, అవతల మెరిసే నీళ్లనూ చూసి, "పోనీలే, ఈ దారే బాగుండాది," అన్నాడు. అదే ఇప్పటి దారి.

తాత అప్పటికే ఇంటివైపు ఉరుకుతున్నాడు. "ఒసేయ్, కత్తెర యాడ పెడితినే!" కూలీలు వేరే తోటలకు పోయారు, అదను నాలుగు రోజులే మిగిలింది. నేను పోయి కత్తెర పట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. మామ అయితే, "వాని తోటలో నీకేం పని? ఏమి తినిపించినాడు వాడు?" అని వారం నన్ను వాసన చూశాడు. ఊరంతా మాత్రం ఈ పిల్లోడు బంగారం అంది. పంట వచ్చి, ఆ సైకిళ్ల వాళ్లే పందిరి కింద ద్రాక్ష కొనుక్కుపోయాక తాత ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టి నన్ను ముందు కూర్చోబెట్టాడు. "ప్రభువా, ఆ గుడ్డలు మా తోటకు కట్టిన చేతుల్ని దీవించు. కత్తెర పట్టిన ఈ పిల్లోని చేతుల్ని కూడా దీవించు," అన్నాడు. అవి రెండు జతల చేతులు కావని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆమెన్ అని కూర చాలా తిన్నాను.

ఈమధ్య తట్టుకోలేక తాత దగ్గరకు పోయాను. బాగా ముసలివాడయ్యాడు. పందిరి కింద మంచం మీద కూర్చుంటే సైకిళ్ల వాళ్లు ఆయనతో ఫోటోలు దిగుతారు. మొత్తం చెప్పాను. ఆయన కండ్లు చిన్నవి చేసుకుని విన్నాడు.

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడు చెప్తాండావే. దారికి పేరొచ్చినాక."

"పేరు కోసం కాదు తాతా. ఒట్టు."

"ఒట్లు పెట్టాకు. నీకంత తెలివి యాడిదప్పా? మీ మామ చేసినాడంటే నమ్ముతా." తరువాత లోపలికి కేక వేశాడు. "ఒసేయ్, ఈడు ఈ దారి నాదే అంటాండాడు. రేపు తోట గూడా నాదే అంటాడు. పట్టాలు జాగ్రత్త!"

అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మింది, నిజం చెబితే చెప్పాల్సిన ఒక్క మనిషి నమ్మలేదు. చదివే మీరూ ఇదంతా పేరు కోసమే అనుకుంటూ ఉండవచ్చు. మామ కోసం ఊరినే కాపాడినట్టు మిట్టమధ్యాహ్నం ఈల వేసుకుంటూ ఇంటికి పోయిన ఆ బక్కపిల్లవాడు ఇప్పుడు ఎదురైతే చెవి పట్టుకుని మెలిపెడతాను. కానీ వాడు నన్ను చూసి, ఈ బట్టతల మనిషి ఎవరు, ఎందుకొచ్చాడు అని ముందు నా చేతుల్లోకి చూస్తాడు. పాపం, వాడికి తెలిసింది అంతే.