చెప్పులిడిసి పట్టుకోప్పా

నా చిన్నప్పుడు నేను మనసారా ద్వేషించిన మనిషి ఒక్కడే, మా ఇంటి ఓనరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ ద్వేషం వీసమెత్తు తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోనూ లేదు.

జమ్మలమడుగులో ఆయన ఇంటి వెనక భాగంలో మేము అద్దెకుండేవాళ్లం. మగ్గమే మా బతుకు. ముందు వసారాలోని మెయిన్ బోర్డు నుంచి మా వైపుకు కరెంటు తీగ ఒక ఇనుప పైపులోంచి వచ్చేది. రంగు వేసిన నూలు ఆరేసుకోవడానికి పెరట్లో ఇనుప తీగతో దండెం కట్టుకుని, దాని ఒక కొసను ఆ పైపుకే బిగించాం. మా వీధిలో నేసేవాళ్లంతా అలాగే కట్టేవారు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు పొద్దున మా అమ్మ తడి నూలు ఆరేస్తూ దండేన్ని పట్టుకుని అలాగే అతుక్కుపోయింది. నేను అమ్మను లాగబోతే మా అవ్వ నన్ను ఒక్క తోపు తోసి, ఎండిన వెదురు గడతో అమ్మ చేతిని తీగ మీంచి నెట్టేసింది. అమ్మ బతికింది. కుడిచేతి వేళ్లకు మాత్రం పట్టు పోయింది. నేసే మనిషికి చెయ్యి పోతే ఇంక ఏముంటుంది?

ఓనరు వచ్చి చూసి, "తడి చేతుల్తో ముట్టుకుంటే కొట్టదా? నా పైపుకేం రోగం ల్యా" అనేసి వెళ్లిపోయాడు. పైపులో తీగ మీది తొడుగు ఊడిపోయిందని కరెంటు పనివాడు ఆయనకు ముందే చెప్పాడట. అయినా బాగుచేయించకుండా, తన కోడలిని మాత్రం మా పెరట్లోకి పోవద్దన్నాడట. ఆ మాట ఆ కోడలే అవ్వ చెవిన వేసింది.

అవ్వ అరవలేదు. కరెంటు ఆపించి దండెం విప్పి పక్కన పెట్టి కాచుకుంది. నేనైతే వాడికి కూడా అదే షాకు కొట్టాలని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని.

అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం అవ్వ దండేన్ని మళ్లీ పాతచోటే కట్టి, వీధిలోని పెద్దమనుషులను, ఓనరును పెరట్లోకి పిలిపించింది.

"పైపు బాగుందంటివి గదప్పా. చెప్పులిడిసి ఒక్కసారి ఆ తీగ పట్టుకో, సూస్తాం."

"నేనెందుకు పట్టుకుంటా?"

"నా కోడలు పట్టుకునింది గదా."

ఆయన ముఖానికి చెమటలు పట్టాయి. అందరూ తననే చూస్తుంటే గొంతు పెంచి, "లోపల తీగ పాడైందని తెల్సీ ఎవురన్నా పట్టుకుంటారా?" అనేశాడు. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

అప్పుడు అవ్వ ఉత్త కాళ్లతో వెళ్లి రెండు చేతులా ఆ తీగ పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. నడుం దగ్గర దోపుకున్న ఫ్యూజు తీసి అందరికీ చూపించింది. ముందే మెయిన్ బోర్డులో మా వైపు ఫ్యూజు పీకి, పైపు మీద, తీగ మీద టెస్టరు పెట్టి, వెలగలేదని నమ్మకం కుదిరాకే దండెం కట్టిందట.

ఆ వారంలోనే ఓనరు పైపు తీయించి కొత్త తీగలు, ఎర్తు వేయించాడు. పని అయ్యేదాకా అవ్వ అక్కడే పీట వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆయన వీధిలోకి వస్తే చాలు, "చెప్పులిడిసి రాప్పా" అని ఎవరో ఒకరు అనేవారు.

నాకు మాత్రం కోపం తీరలేదు. ఫ్యూజు ఎందుకు పీకావని అవ్వను నిలదీశాను.

"వాడు సస్తే మీ యమ్మ చెయ్యి వస్తాదా? వాడు బతకాల. బతికి దినామూ ఈ వీధిలోనే తిరగాల" అంది.

ఇప్పటికీ మా ఇంట్లో కరెంటు పనంటే మెయిన్ నా చేత్తో ఆపి, టెస్టరు పెట్టి చూసి, పని ముగిసేదాకా బోర్డు దగ్గరే కుర్చీ వేసుకుంటాను. మనవళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు మా అమ్మ ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం చూడలేదు.