వెంకటరాజు లాకౌటు

రంగూన్‌లో సేక్కాన్ రేవు గేటు దాటి రెండో సందులోకి తిరిగితే అచ్చమ్మ టీకొట్టు వస్తుంది. అచ్చమ్మ మొగుడు వెంకటరాజు. ఈ వరసలోనే చెప్పాలి, ఎందుకంటే రేవులో ఎవరూ దాన్ని వెంకటరాజు కొట్టు అనరు.

అతని తాతలు విశాఖపట్నం వైపు నుంచి మూటలు మొయ్యడానికి రంగూన్ వచ్చారు. మనవడు మూటలకి బదులు నూనెడబ్బా పట్టుకుని, సరుకు ఓడల మీద ఇంజనుకి నూనె వేసే ఆయిలరుగా ప్రపంచమంతా తిరిగాడు. తిరిగాడంటే చూశాడని కాదు. ఇంజను గదికి కిటికీ ఉండదు. అతను తీరిగ్గా చూసిన పరాయి ఊరు ఒక్క మాంట్రియల్. అదీ ఇంజను పాడైపోయి, విడిభాగాలు వచ్చేలోపల చలి ముదిరి, ఓడ అక్కడి రేవులో ఇరుక్కుపోవడం వల్ల.

రేవు పక్కనే నావికుల క్లబ్బు ఉండేది. వెచ్చగా ఉంటుందని వెళ్ళి కూర్చున్నాడు. టీవీలో ఐసు హాకీ వస్తోంది. కాళ్ళకి కత్తుల్లాంటి బూట్లు కట్టుకుని, చేతుల్లో వంకరకర్రలతో మనుషులు మంచు మీద జారిపోతున్నారు. ఒకణ్ణొకడు గోడకేసి కొడుతున్నారు. మరీ మితిమీరి కొట్టుకుంటే కాసేపు పక్కన పెట్టెలో కూర్చోబెట్టి, కోపం చల్లారాక మళ్ళీ ఆటలోకి వదులుతున్నారు. ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు భూమ్మీద లేదని వెంకటరాజుకి ఆ పూటే తోచింది. ఓడ బాగయ్యేసరికి అతను మాంట్రియల్ జట్టు మనిషైపోయాడు.

తర్వాత మోకాలు చెడి, ఓడలు మాని, ఒడ్డెక్కాడు. ఎక్కగానే చేసిన మొదటి పని అచ్చమ్మ కొట్టు మీద డిష్షు బిగించడం. అక్కడ రాత్రి ఆడే ఆట మనకి తెల్లవారి వస్తుంది. ఎదుట టీ, టీవీలో మంచు. ఇద్దరు శిష్యులు కూడా దొరికారు. ఒకడు జోగి, గంజాం వాళ్ళ కుర్రాడు, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మధ్యాహ్నం షిఫ్టు. రెండోవాడు కో జేయా, జెట్టీ మీద క్రేను తోలే బర్మావాడు. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మా భాషలోనే చెబుతాడు. ఈ ముగ్గురూ పొద్దున్నే పెద్ద బల్ల ఆక్రమించి, ఒక్కో టీతో ఆట అయ్యేదాకా కూర్చునేవారు. అచ్చమ్మ వీళ్ళని కుర్చీల లెక్కలో కలిపేసుకుంది.

2012 అక్టోబరులో కొత్త సీజను మొదలవ్వాలి. ముగ్గురూ తెల్లారకుండా వచ్చి కూర్చున్నారు. ఆట వచ్చింది. మాంట్రియల్ వాళ్ళు ఒకదాని మీద ఒకటి గోల్సు కొడుతున్నారు. వెంకటరాజు ఆనందం పట్టలేక పక్కబల్లల వాళ్ళకి కూడా టీ పోయమన్నాడు. అచ్చమ్మ పొయ్యలేదు. సగం ఆటలో కో జేయా నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, గోలు కాసే ఆ గోలీ పోయిన ఏడే ఆట మానేశాడు కదా?"

వెంకటరాజు టీవీ దగ్గరికెళ్ళి గోలీ మొహంలోకి చూశాడు. నిజమే. అది పాత ఆట. మర్నాడు కూడా పాత ఆటే. ఆ మర్నాడు ఆట స్థానంలో ఎవరో ముసలాయన సరస్సు పక్కన కూర్చుని చేపలు పట్టాడు. పడవు, పడ్డా నీళ్ళలోకి వదిలేస్తాడు. చేపలు అమ్ముకునే లక్ష్మీదుర్గ అటు ఒక్కసారి చూసి, "ఈడికి పనీపాటా లేదేటి," అని గంప ఎత్తుకుని పోయింది.

ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే కో జేయా స్క్రీను కింద పాకే అక్షరాలు చూసి సంగతి చెప్పాడు. జట్ల యజమానులకీ ఆటగాళ్ళకీ వచ్చే రాబడి పంచుకోడంలో పేచీ. యజమానులు ఆటస్థలాలకి తాళాలు వేసేశారు. లాకౌటు.

"ఆలు ఆడతామంటన్నారా?" అన్నాడు వెంకటరాజు.

"ఆడతామంటున్నారు."

"మనం సూస్తామంటన్నామా?"

"చూస్తామంటున్నాం."

"మరింకేటి అడ్డం?"

రోజూ పొద్దున్నే టీవీ పెట్టడం, చేపల ముసలాయన్ని తిట్టడం అతని దినచర్య అయింది. యజమానుల్ని తిట్టాడు. కోటీశ్వరులై ఉండి పేచీ పెట్టినందుకు ఆటగాళ్ళని తిట్టాడు. చలికాలం అలవాటు చేసి వదిలేసినందుకు కెనడా దేశాన్ని తిట్టాడు. మోకాలి నొప్పి ఎక్కువైందన్నాడు. అచ్చమ్మ వండే చేపపులుసు నూడిల్సు, మొహింగా, చప్పగా ఉందన్నాడు. అది మాత్రం అచ్చమ్మ ఊరుకోలేదు.

"మావా, లాకౌటు నువ్వు టీవీలో సూసేవు. నాను గేటు కాడ సూసేను," అంది గరిటె పక్కన పెట్టి. పెళ్ళికి ముందు ఆమె మింగళాడోన్‌లో ఒక కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసేది. "పొద్దున్నే బస్సు దిగీసరికి గేటుకి గొలుసు ఏసేసినారు. కమ్మీల్లోంచి నా మిషనూ, నా పీటా కనపడతన్నాయి. లోపలికి ఎల్నీరు. నీకేటి, టీ తాగుతున్నావు."

వెంకటరాజు ఆ పూటంతా ఆలోచించాడు. అదే అసలు ప్రమాదం. సాయంత్రానికి శిష్యులిద్దర్నీ పిలిచాడు.

"ఆల ధైర్యం ఏటో తెలిసింది నాకు. గేటు తీస్తే మనం గొర్రెల్లాగ ఎల్లిపోతాం కదా, అదీ ఆల ధైర్యం. అంచేత మనమూ తాళం ఎయ్యాలి. ఆట మొదలెట్టినా సరే, ఈ సీజను మనం సూడం."

"ఆలకి తెలుస్తాదేటి మావా, సేక్కాన్‌లో ముగ్గురు సూడ్డం లేదని?" అన్నాడు జోగి.

"తెలవక్కర్లేదు. తగులుతాది."

ముగ్గురూ స్నానాలు చేసి, పేటలోని నూకాలమ్మ గుడికి వెళ్ళి, ఈ సీజను ఐసు హాకీ చూడమని ఒట్టు వేసుకున్నారు. బౌద్ధుడైన కో జేయా కూడా, తల్లికి తేడా ఏముందని, పసుపునీళ్ళు చల్లించుకున్నాడు. కొట్టులో టీవీ ఒక తలుపుల పెట్టెలో ఉంటుంది. వెంకటరాజు దానికి తాళం వేసి, తాళంచెవి అచ్చమ్మ చేతిలో పెట్టాడు.

"నాను అడిగినా ఇవ్వకు."

"కాళ్ళట్టుకున్నా?"

"కాళ్ళట్టుకున్నా."

అచ్చమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుంది. "మా గేటుకి గొలుసు ఏసినప్పుడు, సొక్కాలు తొడుక్కోం అని ఎవులూ ఒట్టెయ్యలేదు మావా," అంది, అంతకంటే ఏమీ అనలేదు.

ఎందుకంటే ఆమెకి వేరే పని ఉంది. ముగ్గురు మగాళ్ళు పొద్దుటి టీవీ వదులుకున్నారు. అదే వేళకి ఒక కొరియా సీరియలు మళ్ళీ వేస్తారు. వెంకటరాజు పొద్దున్నే రేవు గట్టు మీద కోపంగా నడవడం మొదలుపెట్టాక, ఆమె పెట్టె తెరిచి సీరియలు పెట్టింది. లక్ష్మీదుర్గ వచ్చింది. తనతో చేపలగంపల వాళ్ళందరినీ తెచ్చింది. ఒక్కో టీతో పూటంతా కూర్చునే రకం కాదు వాళ్ళు. మొహింగా తింటారు, పూరీ తింటారు, ఏడిచినప్పుడు ఇంకో టీ తాగుతారు. వెంకటరాజు తిరిగొచ్చేసరికి పెట్టెకి తాళం యథాప్రకారం ఉండేది.

కొత్త సంవత్సరం వచ్చింది. జనవరిలో పేచీ తీరిందని కో జేయా వార్త తెచ్చాడు. సగం ఆటలు రద్దయిపోయాయి, మిగతా సగం ఆడతారు. మొదటి ఆట మాంట్రియల్‌దే, మనకి ఆదివారం పొద్దున. వెంకటరాజు మొహంలో ఏ భావమూ రానివ్వకుండా, "ఆడుకోనీ," అన్నాడు.

శుక్రవారం జోగి వెనకగుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చాడు.

"అత్తా, సౌండు లేకండా సూస్తే సూసినట్టు కాదు కదా?"

"కాదనుకుంటాను," అంది అచ్చమ్మ. "ఆదివారం తెల్లారకుండా వెనకనుంచి రా. ఉల్లిపాయలు ఒలవాలి. ముందుకొట్టు తడికలో సందుంది."

శనివారం పొద్దున్న కో జేయా వచ్చాడు. "డా అచ్చమ్మా," అని గౌరవంగా మొదలుపెట్టాడు. "చూడనని ఒట్టేశాను. వింటే తప్పేమిటి?"

"తప్పేటి లేదు. ఆదివారం వెనకనుంచి రా. పిండి కలపాలి. సెవులు కాళీయే కదా."

ఆ సాయంత్రం వెంకటరాజు ఆమె పక్కన చేరి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. "ఆ తాళం వాడకలో లేదు కదా, తుప్పట్టి ఉంటాది. రేపు తెల్లారి నూనె ఎయ్యనా?"

"ఎయ్యి మావా. ఆయిలరువి కదా. వెనకనుంచే రా, ముందు కొట్టు కడిగి ఉంటాది."

ఆదివారం ఇంకా మసకగా ఉండగా జోగి వచ్చి ఉల్లిపాయల ముందు కూర్చున్నాడు. కాసేపటికి గుమ్మంలో అలికిడయింది. జోగి గోనెపట్టా తల మీద కప్పుకున్నాడు. కో జేయా లోపలికొచ్చి, పిండి బేసిన్ తీసుకుని, కూర్చోడానికి గోనెపట్టా బాగుందనుకుని దాని మీద కూర్చున్నాడు. పట్టా మూలిగింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి, ఏమీ అనుకోకముందే, నూనెడబ్బాతో వెంకటరాజు గుమ్మంలో నిలబడ్డాడు.

జోగి గబగబా ఒక ఉల్లిపాయ అందుకున్నాడు.

"నాను ఉల్లిపాయలకి ఒచ్చాను," అన్నాడు జోగి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి కాబట్టి నమ్మదగ్గట్టే ఉంది.

"నేను పిండికి," అన్నాడు కో జేయా.

"నా కొట్టు. నాను దేనికైనా ఒస్తాను," అన్నాడు వెంకటరాజు.

అవతల పెట్టె తలుపులు తెరుచుకున్న చప్పుడు. జనం కేకలు, మంచు మీద బూట్ల కోత. ముగ్గురూ ఒక్కసారిగా తడిక దగ్గరికి వెళ్ళారు. సందు ఒకటే, కళ్ళు ఆరు. తోపులాటలో తడిక ఊడి, ముగ్గురితో సహా ముందుకొట్లోకి పడింది.

బల్లల మీద అరడజను మంది ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. లక్ష్మీదుర్గ పెద్ద బల్ల దగ్గర, వెంకటరాజు మామూలుగా కూర్చునే చోట ఉంది.

"ఒట్టేటయింది మావా?" అంది అచ్చమ్మ.

వెంకటరాజు లేచి, మోకాలు దులుపుకున్నాడు. వారం రోజులుగా దీనికి జవాబు కడుతున్నట్టున్నాడు, తడుముకోకుండా చెప్పాడు.

"సీజను సూడం అని ఒట్టేసినాం. సీజను అంటే పూర్తి సీజను. ఆలు ఆడతన్నది సగం. సగానికి మనం ఒట్టెయ్యలేదు."

జోగి, కో జేయా అతన్ని గురువుని చూసినట్టు చూశారు. అచ్చమ్మ గరిటె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, పొయ్యి దగ్గర కూలబడింది. ఆ మూడు నెలల్లో ఆ కొట్లో అంత నవ్వు ఎవరూ వినలేదు.

నవ్వాక మాత్రం షరతులు చెప్పింది. తడిక వాళ్ళే కట్టాలి. ఉల్లిపాయలు, పిండి ఆదివారాలు వాళ్ళ బాధ్యతే. అన్నిటికంటే ముఖ్యమైంది, ఎనిమిదింటికి సీరియలు. ఆట ఏ దశలో ఉన్నా సరే, ఛానలు మారుతుంది.

"ఆఖరి మూడో భాగం పోతాది," అన్నాడు వెంకటరాజు, నీరసంగా.

"పోతాది. ఆడోళ్ళు గొడవకి దిగితే రెండోది కూడా పోతాది."

ఒప్పుకున్నారు. వేరే దారి లేదు. ఎనిమిది కావస్తుండగా మాంట్రియల్ ఒక గోలు వెనకబడి ఉంది. అచ్చమ్మ రిమోటు తీసింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఇద్దరు ఆటగాళ్ళు చేతితొడుగులు విసిరేసి ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు.

"ఆగు," అంది లక్ష్మీదుర్గ.

"సీరియలు—" అంది అచ్చమ్మ.

"ఆయమ్మి ఏడుపు రేపూ ఉంటాది. ఆ ఎర్రసొక్కా ఓడు ఏటి సేస్తాడో సూడనీ."

ఎర్రచొక్కావాడు మాంట్రియల్ వాడు. బాగానే చేశాడు. తర్వాత ఇద్దర్నీ తీసుకెళ్ళి చెరో పెట్టెలో కూర్చోబెట్టారు. "ఇంతేనా? ఇళ్ళకి పంపరా?" అంది లక్ష్మీదుర్గ. కోపం తగ్గాక మళ్ళీ ఆడిస్తారని వెంకటరాజు చెప్పగానే, ఆమె గంప కింద పెట్టి, ఇంకో మొహింగా చెప్పింది.

మాంట్రియల్ ఆ ఒక్క గోలు తేడాతోనే ఓడిపోయింది. యజమానులూ ఆటగాళ్ళూ అందరూ దొంగలేనని, తిండి మాని ఎదురుచూసినందుకు ఇదా ఫలితమని వెంకటరాజు అందరికీ వినపడేటట్టు అన్నాడు. ఆ తర్వాత కో జేయా చెవిలో, తర్వాతి ఆట ఎప్పుడని అడిగాడు. మధ్యాహ్నం అచ్చమ్మ ముగ్గుర్నీ గుడికి నడిపించుకెళ్ళి వాకిలి కడిగించింది. సగం సీజను వాదన ఆవిడ దగ్గర చెల్లింది కాని, నూకాలమ్మ దగ్గర చెల్లుతుందో లేదో తెలియదు కదా అంది.

తర్వాతి ఆట పొద్దున వెంకటరాజు కొట్టుకి వచ్చేసరికి లక్ష్మీదుర్గ అప్పటికే అతని చోట్లో ఉంది. పక్కన ఇంకో నలుగురున్నారు. అతను గోడకి జారబడి నిలబడి, మంచు మీద ఆ నీలం గీత ఎందుకు గీశారో, దాన్ని ఎప్పుడు దాటకూడదో వివరించడం మొదలుపెట్టాడు. లక్ష్మీదుర్గ టీవీ మీంచి కళ్ళు తియ్యకుండా చెయ్యి ఎత్తింది.

"గీతల సంగతి తరవాత సెప్పు బావా. ముందు కొంచెం పక్కకి జరుగు, కనపడ్డం లేదు."

వెంకటరాజు పక్కకి జరిగాడు.