ఓనర్ కోసం

బెళ్ళందూరులో తన కంపెనీ ఉన్న భవనం బేస్‌మెంట్‌లో కారు ఆపి, అచ్యుత్ రోజూ అరగంట సీటుబెల్టు తీయకుండా కూర్చుంటాడు. అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకుంటాడు. అద్దంలో చూసుకుంటూ, పైనున్న తన పదకొండు మంది ఉద్యోగులకు చూపించాల్సిన ధైర్యం మొహానికి తెచ్చుకుంటాడు. అది నిలవదు. ఇవాళ ఊడ్చే రామక్క కారు కిటికీ తట్టింది. "దినామూ ఈడనే కుచ్చోనుంటావు, ఎవురి కోసరమప్పా?" అతను కిటికీ దించి, "మా ఓనర్ కోసం" అన్నాడు. ఆమె అతన్ని డ్రైవరనుకుంది. "పోయి కాఫీ తాగిరాపో. ఆయప్ప వస్తే నేను చెప్తాలే."

అచ్యుత్ లిఫ్టెక్కాడు. రోజంతా మీటింగుల్లో మాట్లాడాడు, నవ్వాడు, సంతకాలు పెట్టాడు. సాయంత్రం దిగేసరికి రామక్క చీపురుతో కారు పక్కనే ఉంది.

"పొద్దన్నుంచీ చూస్తానే ఉండాను. మీ ఓనరు రానేలేదప్పా."

"రాలేదా?" అని అచ్యుత్ నిజంగానే అడిగాడు.