బంగారు గనుల ఊరికి ఒక సంచి మన్ను

నేల అడుగున కంటికి కనబడని దారాల వెంట, ఒక తోట ప్రాణాన్ని భుజాన మోసుకుంటూ, బంగారు గనుల మీదుగా నేను సాగించిన మహాయాత్ర ఇది. అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి బెంగుళూరు నుంచి రాయల్పాడుకు ఒక సంచి మన్ను తీసుకుపోయాను, అంతే.

రాయల్పాడులో మా రత్నమ్మత్త ఉంటుంది, నాన్న చెల్లెలు. గట్టుపక్క చేనును జేసీబీతో చదును చేయించి మామిడి పెట్టింది. చదును అద్దంలా వచ్చింది. పైమన్నంతా దాంతోపాటే పోయిందని ఎవరూ బాధపడలేదు, కింద ఉన్నదీ మన్నే కదా. ఆ మన్నులో మొక్కలు చావలేదు, పెరగనూ లేదు. ఎరువు వేసినా అంతే, నీళ్ళు పోసినా అంతే. మామ విసిగిపోయి, ఈ వానకు చిగురు పెట్టకుంటే పీకేసి నీలగిరి నాటిస్తానన్నాడు. నీలగిరి దిగితే అత్త తోట ఈ జన్మకు లేనట్టే.

వ్యవసాయ కాలేజీలో పనిచేసే నా స్నేహితుడు ఈ సంగతి విని సంచెడు వ్యామ్ ఇచ్చాడు. వ్యామ్ అంటే వేర్లలో కాపురముండే ఒక శిలీంధ్రం. వేరు దూరలేని సందుల్లోకి సన్నటి దారాలు పంపి భాస్వరం, తేమ తెచ్చిస్తుంది. బదులుగా చెట్టు చేసుకున్న చక్కెరలో వాటా తీసుకుంటుంది. మంచి మన్నులో అది తనంతట తానే ఉంటుంది. అత్త చేనులో దాన్ని జేసీబీ ఊడ్చేసింది. ఇంత గొప్పదీ చూపుకు మాత్రం మన్నూ, తరిగిన వేర్ల ముక్కలూ.

పొద్దున్నే మారికుప్పం రైలుబండెక్కాను. సంచి కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఎదురుగా ఒకప్పుడు గనిలో పనిచేసిన పెద్దాయన.

"సంచిలో ఏముండాది తంబీ?"

"మన్ను."

ఆయన కిటికీలోంచి, బంగారం తీశాక పారబోసిన మన్నుతో కొండల్లా లేచిన సైనైడ్ దిబ్బలను చూశాడు. "కేజీయఫ్‌లో అదొక్కటే తక్కువైందని తెస్తా ఉండావా?"

వ్యామ్ గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే, ఎవరూ దూరలేని సందులో దూరి, తెచ్చి పైకిస్తాది. మా పనే. కూలి?"

"చక్కెర."

"మేలప్పా. మా ఇంటామె టీలోకి సగం చెంచానే వేస్తాది."

ఉరిగాంలో దిగి, ఆటోలో రాబర్ట్‌సన్‌పేట చేరేసరికి పదకొండు. మసాలా దోసె తిన్నాను. దోసె బాగుంది, చట్నీ పలచన. రాయల్పాడు వైపు బస్సు మర్నాడు పొద్దున్నే అన్నారు. అత్త వాళ్ళ రాగులు కొనే శెట్టిగారి దినుసుల అంగట్లో సంచి దింపి, "జాగ్రత్త శెట్టిగారూ, అత్తకు ప్రాణం" అని చెప్పి ఊరు చూడ్డానికి పోయాను. మూతపడ్డ గని ఇనుప గోపురం కింద నిలబడి గంభీరంగా ఏదో అనుకోబోయాను. ఎండకు తల తిరిగి నీడకొచ్చేశాను.

నాలుగింటికి అంగడికి వస్తే శెట్టిగారు వెలిగిపోతున్నారు. "నీ సరుకు బంగారంలా చేసినానప్పా! మేడ మీద ఎండబోసి, జల్లించి, పుల్లా పుడకా ఏరేసినా. మా అంగట్లోంచి చెత్తతో మూట బయటికి పోతే మా తాత కల్లోకి వస్తాడు."

సంచిలో చెయ్యి పెట్టాను. పిండిలా, వెచ్చగా ఉంది. ఒక్క వేరు ముక్క లేదు. స్నేహితుడికి ఫోన్ చేశాను. ఎండిన మన్నులో ఎంత బతికుందో చెప్పలేమనీ, వేర్ల ముక్కలే ముఖ్యమనీ అన్నాడు. ఆ మాట శెట్టిగారికి చెప్పాను.

ఆయన బస్తా మీద కూలబడ్డారు. "అంటే, సరుకు పారేసి చెత్తను మూటగట్టినానా?"

లోపలినుంచి శెట్టెమ్మ అంది: "ఈయన చేతికి జల్లెడొస్తే మనుషుల్ని కూడా వదలడప్పా. ఆ పుల్లలు నేను కరివేపాకు చెట్టు మొదట్లో పోసినా. యాడికీ పోలే."

శెట్టిగారు పంచె ఎగ్గట్టి చెట్టు కింద కూర్చున్నారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇన్నేళ్ళూ బియ్యంలో రాళ్ళేరిన వేళ్ళు పొద్దుగూకేదాకా చెత్త ఏరాయి. సగం బేసిను వచ్చింది. దానిమీద తడిగోనె కప్పి, "రత్నమ్మకు నేనే వచ్చి చెప్తా" అన్నారు.

మర్నాడు బస్సులో ఆ బేసిను ఆయన ఒళ్ళోనే ఉంది. కండక్టరు వంగి, "పాపనా?" అన్నాడు.

"కాదప్పా. చెత్త."

శ్రీనివాసపురంలో బస్సు మారి రాయల్పాడు చేరాం. కంచె పక్కన నీలగిరి మొక్కలు వచ్చి కూర్చునున్నాయి. శెట్టిగారు జరిగింది జరిగినట్టు చెప్పి, "తప్పు నాది తల్లీ" అని తలొంచుకున్నారు.

అత్త బేసిను అందుకుంది. "దీన్ని జల్లించకుండా ఇంత దూరం తెచ్చినావు చూడు శెట్టీ, అదే చాలు."

పిడికెడు పిడికెడుగా వేర్ల దగ్గర పెడితే ఒక్క వరసకు సరిపోయింది. సంచిలోని ఎండిన మన్ను రెండో వరసకు వేశాం, పోయేదేముందని. మామ దూరం నుంచే తీర్పు చెప్పాడు: "వానలు పోయేదాకా చూస్తా. చిగురు లేకుంటే అన్నీ పీకేస్తా. ఇంగ నన్ను అడగొద్దండి."

వానలయ్యాక మళ్ళీ పోయాను. అదే బండి, అదే దోసె. చట్నీ ఇంకా పలచన. మొదటి వరస నిండా రాగిరంగు చిగురు. రెండో వరసలో అక్కడక్కడా. మిగతావి ఎప్పటిలాగే అలిగి నిలబడ్డాయి. "వానలు బాగా పడినాయి కదా" అన్నాడు మామ, నా మొహం చూడకుండా. కంచె పక్కన నీలగిరి మొక్కలు లేవు. మామ చేతిలో తట్ట ఉంది. మొదటి వరస మొదళ్ళ పక్కనుంచి మన్ను, సన్నవేర్లు జాగ్రత్తగా తవ్వి తక్కిన వరసలకు మోస్తున్నాడు.

అత్త నా చెవిలో అంది: "నిన్నట్నుంచీ ఇదే పని. ఏమీ అడగొద్దు, సిగ్గుపడతాడు."

అడగలేదు. రెండో తట్ట అందుకున్నాను.

తిరుగు ప్రయాణంలో అంగడి ముందు ఆగాను. శెట్టిగారు లేచి నిలబడి, "చిగురు?" అన్నారు. "వచ్చింది" అన్నాను. ఆయన లోపలికి పోయి, కట్టెడు కరివేపాకు తెచ్చి నా సంచిలో పెట్టారు. చెట్టు ఏపుగానే ఉంది. కరివేపాకు ఎట్లయినా పెరుగుతుందనుకోండి.

చెట్టు, శిలీంధ్రం ఒకదాన్నొకటి పోషించుకోవడం గురించి బండిలో ఒక గొప్ప మాట తోచింది. బంగారుపేట వచ్చేసరికి మరిచిపోయాను. ఇంటికొచ్చి చొక్కా నానబెట్టాను. రాయల్పాడు ఎర్రమన్ను ఒక్క ఉతుకుకు పోదు. పోయేవాళ్ళు ముదురు రంగు చొక్కా వేసుకోండి.