బరూండా బస్సులో లెక్కకు రానివాళ్ళు

డెల్మా ట్రెలోర్ నవ్వడం మొదలుపెడితే బస్సు అద్దాలు కూడా గలగలమంటాయని బరూండా జనం చెప్పుకుంటారు. ఆ ఊరి నుంచి అడిలైడ్‌కు మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బయలుదేరి, గురువారం, సోమవారం తిరిగొచ్చే ఇరవై నాలుగు సీట్ల బస్సును ఇరవై రెండేళ్ళుగా ఆమే నడుపుతోంది. అంతకుముందు గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీల ముఠాకు వంట చేసేది. ఆకలిగొన్న ముప్పై మంది మగవాళ్ళను వేళకు కూర్చోబెట్టి వేళకు లేపినదానికి బస్సొక లెక్కా అనుకుని, పాత డ్రైవరు నడుము పట్టేసి మానుకున్న రోజునే వెళ్ళి తాళాలు అడిగింది. లైసెన్సు మాత్రం మూడోసారికి గాని రాలేదు. మొదటి రెండుసార్లూ పరీక్ష పెట్టిన అధికారితో కబుర్లలో పడి, తిరగవలసిన మలుపు దాటిపోయింది.

మే నెలలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ రూటులో సగటున ముగ్గురే ప్రయాణిస్తున్నారనీ, ఎనిమిదికి తగ్గిన రూట్లన్నీ జూలై ఒకటి నుంచి రద్దవుతాయనీ అందులో ఉంది. డెల్మా ముందు పకపకా నవ్వింది. వారానికి రెండుసార్లు పదకొండు మంది తన వీపు వెనక కూర్చుని ఒకరి కాపురం సంగతి ఒకరికి చెప్పుకుంటుంటే ముగ్గురేమిటి? ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు తట్టింది.

పింఛనుదారులకు ఆ బస్సులో ప్రయాణం ఉచితం. అయినా ప్రతివారూ కార్డు చూపించాలి, డ్రైవరు యంత్రం మీట నొక్కి టికెట్ ఇవ్వాలి; కంపెనీ లెక్క ఆ టికెట్లదే. కానీ తొంభై ఏళ్ళ మెర్విన్ నోస్కే కార్డు వెతికేలోగా గోధుమ పైరు జానెడు పెరుగుతుంది. అందుకని మొదటి ఏడాదిలోనే, "కూర్చో పెద్దాయనా, నీ మొహమే నీ కార్డు" అనేసింది. ఒకరికి అన్నమాట మిగతావాళ్ళకు అనకపోతే బాగుండదు కదా. ఎక్కేవాళ్ళలో ఊరివాళ్ళంతా పింఛనుదారులే కాబట్టి, అలా అది ఊరి ఆచారమైపోయింది. మీట నొక్కింది పరాయి ఊరివాళ్ళకే. ఆ ముగ్గురూ వాళ్ళే.

ఆ సాయంత్రం మహిళా సంఘం గదిలో డెల్మా సంగతంతా ఒప్పుకుంది.

"అంటే ఇరవై రెండేళ్ళుగా నేను బస్సులో లేనా?" అంది ఐరిస్ పెంగెల్లీ. పోస్టాఫీసు నడిపి రిటైరైన మనిషి ఆమె.

"యంత్రం లెక్కలో లేవమ్మా."

"మా ఆయనా అంతే. కొత్తగా జుట్టు దిద్దించుకుని ఎదురుగా నిలబడినా ఆయనకు కనబడేదాన్ని కాదు."

"నువ్వేగా అమ్మాయ్, నా మొహమే కార్డన్నావు," అన్నాడు మెర్విన్.

"అన్నాను. ఆ మొహానికి యంత్రంలో మీట లేదు మరి."

డెల్మా కంపెనీకి ఉన్నదున్నట్టు రాసి పంపింది. ఉద్యోగం పోతే పోనీ, బస్సు ఉండాలని చివర చేర్చింది. ఒక అధికారి వచ్చి ఫలానా మంగళవారం తన కళ్ళతో లెక్కపెడతాడని జవాబొచ్చింది. ఊరంతా ఎక్కేస్తామన్నారు. డెల్మా ఒప్పుకోలేదు. "ఒక తప్పు కప్పడానికి ఇంకో తప్పా? పట్నంలో నిజంగా పని ఉన్నవాళ్ళే రండి."

పనులకు కొదవా? ఏళ్ళ తరబడి వాయిదా వేసిన పళ్ళు, కళ్ళు, చెవులు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఐరిస్ తొమ్మిదేళ్ళుగా మాట్లాడని చెల్లెలితో మాట్లాడటానికి ముహూర్తం పెట్టుకుంది. పబ్బు నడిపే కోలిన్ మోకాలి డాక్టరుకు ఫోను చేశాడు.

అధికారి పేరు ఏడ్రియన్ లిమ్. ముప్పై దాటని, మర్యాదస్తుడైన కుర్రవాడు. సోమవారం ఇదే బస్సులో వచ్చి కోలిన్ పబ్బులో బస చేశాడు. మంగళవారం బస్సు వేళకు, ఏడింటికి, అట్ట మీద కాగితం బిగించుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. డెల్మా ఆచారం మార్చింది. ఒక్కొక్కరి కార్డూ చూసింది, ఒక్కొక్కరికీ మీట నొక్కింది. టికెట్ పడినప్పుడల్లా వెనక సీట్లు చప్పట్లు కొట్టాయి. ఇరవై మూడు మంది కూర్చున్నారు. మెర్విన్ మెట్టు మీదే జేబులు తడుముకుంటున్నాడు. ఏడుంపావయింది. ఏడ్రియన్ గడియారం చూసుకుని మిగిలిన ఒక్క సీటులో కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు కార్డు దొరికింది. కళ్ళద్దాల డబ్బాలో ఉంది. అద్దాలు మొహం మీదే ఉండటంతో డబ్బా ఖాళీ అనుకుని ఎవరూ తెరవలేదు.

ఇక ఖాళీ సీటు లేదు. తన ఉద్యోగమూ, ఊరి బస్సూ ఆ కుర్రవాడి కాగితంలో ఉన్నాయని డెల్మాకు తెలుసు. శుక్రవారం రమ్మంటే మెర్విన్ కాదనడు. కానీ మళ్ళీ ఆయనే లెక్కలో లేకుండా పోతాడు. ఆమె మీట నొక్కింది.

"అబ్బాయ్, నువ్వు దిగాలి."

"నేను అధికారిని కదండీ."

"కంపెనీ ఉద్యోగి పాసు మీద ఎక్కినవాళ్ళు టికెట్ ఉన్నవాళ్ళకు చోటివ్వాలి. మీ కంపెనీ కాగితమే, తలుపు మీద అంటించి ఉంది."

ఏడ్రియన్ లేచి వెళ్ళి, కాగితమంతా చదివాడు. "నిలబడి వస్తాను."

"అది కూడదని రెండో వాక్యంలో ఉంది నాయనా."

"పోనీ, ఎవరి కారయినా?"

"విత్తనాల కాలం. కార్లున్నవాళ్ళు ట్రాక్టర్ల మీదున్నారు. మిగిలినవాళ్ళం ఇదిగో, ఇక్కడ."

"మరి తర్వాతి బస్సు?"

"శుక్రవారం," అంది బస్సంతా ఏకకంఠంతో.

కోలిన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పబ్బు తాళం పూలకుండీ కింద ఉంది తమ్ముడూ. ఫ్రిజ్‌లో మాంసం కూరిన రొట్టె ఉంది. కుక్క ఆకలిగా చూస్తే నమ్మకు, పొద్దున్నే తింది."

డెల్మా బండి కదిలించింది. మొదటి మలుపు దాకా ఎలాగో ఆపుకుంది గాని, ఆ తర్వాత ఆమె నవ్వుకు ఇరవై నలుగురూ తోడయ్యారు. తర్వాతి ఊరు చేరినా ఆ నవ్వు ఆగలేదు.

శుక్రవారం ఆమె తలుపు తెరిచేసరికి ఏడ్రియన్ వరుసలో ముందున్నాడు, గడ్డం పెరిగి, చేతిలో ఎవరో ఇచ్చిన నిమ్మకాయల సంచితో.

"డబ్బులిస్తాను, టికెట్ ఇవ్వండి."

"పాసుందిగా."

"పాసుంటే దించేస్తారుగా."

ఆమె మీట నొక్కింది. "ఇంతకీ కాగితంలో ఏం రాశావు?"

"ఎక్కినవాళ్ళు ఇరవై నలుగురు. చోటు చాలక ఊళ్ళో మిగిలిపోయినవాళ్ళు ఒకరు. ఆ రెండో గడిలో ఈ రూటుకు ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదట. మామూలుగా పదకొండు మందేనని కూడా రాశాను. నిన్నా మొన్నా ఇంటింటికీ తిరిగి అడిగాను. చేయడానికి వేరే పనేముంది గనక?"

"మరి నా సంగతి?"

"మందలింపు లేఖ వస్తుంది."

"రానీ. చదివి వినిపించమని ఐరిస్‌కిస్తాను. పోస్టాఫీసు గొంతు, బాగుంటుంది."

జూన్ చివరి వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది మందలింపు. రెండోది మూడే వాక్యాలు: బరూండా బస్సు కొనసాగుతుంది. వారానికి రెండుసార్లే నడుస్తుంది. బయలుదేరే వేళ మాత్రం ఏడు గంటలకు బదులు ఏడుంపావు.