పాత పైథాన్‌ని పారేసిన ఆయుధపూజ

ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలల్లో మనిషికి ఉండే తెలివి ఆ తర్వాత జీవితంలో ఇంకెప్పుడూ ఉండదు. (అప్పుడూ ఉండదు, ఉందని అనిపిస్తుంది, అంతే.) ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయిన కాలంలో, ఇంజనీరింగు పాసైన ప్రతివాడూ బెంగళూరులో అద్దాల మేడలో కూర్చుంటాడని ఊళ్లో అందరూ అనుకునేవారు. నేను కూర్చున్నది బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ యూనిట్ మీది అంతస్తులో. కింద కుట్టుమిషన్లు మోగుతుంటే పైన మా బల్లలు సన్నగా వణికేవి. పట్టుచీరల వ్యాపారులు ఆర్డర్లు రాసుకోవడానికి ప్రోగ్రాములు తయారుచేసే చిన్న కంపెనీ మాది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అక్కడ ఆఫీసు మేనేజరు. "మా అక్క కొడుకు, బుద్ధిమంతుడు" అని ఆయన పూచీ పడితేనే నన్ను మూడు నెలల ప్రొబేషను మీద తీసుకున్నారు. అక్క కొడుకునన్న మాట వరకు నిజమే.

మూడో నెల చివర్లో మా సార్ నన్ను పిలిచాడు. కంపెనీ ఆయనదే, విజయవాడ మనిషి, కోపం వస్తే ఇంగ్లీషు మాట్లాడతాడు, బాగా వస్తే అసలు మాట్లాడడు. "దసరా మర్నాడు దొడ్డబళ్ళాపురం నుంచి పట్టుచీరల పార్టీ వస్తున్నారు. ఈ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, ఆర్డర్ ఒకటి ఎంటర్ చేసి, ప్రింట్ తీసి చూపించాలి. వర్క్ అయ్యిందా, నీ కన్ఫర్మేషన్ లెటర్ రెడీ. కాలేదనుకో, సారీ అబ్బాయ్, మీ మామయ్యగారి మొహం చూసి కూడా నేనేం చెయ్యలేను" అన్నాడు. ఒక సీడీ చేతిలో పెట్టి, పండక్కి ఊరెళ్లిపోయాడు.

మా పాత మెషిన్‌కి, అంటే ఆఫీసు కంప్యూటరుకి, ఆ సాఫ్ట్‌వేరు తయారుగా దొరికేది కాదు. సోర్సు తెచ్చుకుని మనమే కట్టుకోవాలి, వడ్లు తెచ్చుకుని దంచుకున్నట్టు. అది పైథాన్ అనే భాషలో రాసింది. మా మెషిన్లోనూ పైథాన్ ఉంది కానీ ముసలిది, దీనికేమో కొత్తది కావాలి. సీడీతో వచ్చిన సూచనల కాగితం ఒకే సంగతి మూడుచోట్ల చెప్పింది. మెషిన్లో ఉన్న పాత పైథాన్ జోలికి పోవద్దు, కొత్తదాన్ని వేరే ఫోల్డరులో విడిగా కట్టు, సర్వరు దాని మీదే నడుస్తుంది, ఈ రెంటికీ ఒకదానితో ఒకదానికి పని లేదు అని. మొదటిచోట శ్రద్ధగా చదివాను. చెప్పిందే చెబుతున్నాడు కదా అని మిగతా రెండుచోట్లా దాటేశాను.

ఇక కట్టడం. ఆజ్ఞ ఇవ్వగానే తెర మీద అక్షరాలు ముప్పావుగంట పరిగెత్తి, ఫలానా ఫైలు లేదని ఆగిపోయేవి. ఆ ఫైలు వెతికి తెస్తే దానికి ఇంకో ఫైలు కావాలి. అదీ తెస్తే, మళ్లీ మొదటినుంచి పరుగు. ఒకసారి అంతా అయిపోవచ్చిందనగా కరెంటు పోయింది. (బ్యాటరీ లేదా అంటారేమో. ఉంది. మామ దాన్ని తన ఫ్యానుకు కలిపించుకున్నాడు.) ఆ మామే గంటకోసారి టీగ్లాసుతో వచ్చి నా వెనక నిలబడేవాడు.

"ఏమప్పా, అయ్యిందా?"

"ఇంగా అవతా ఉండాది మామా."

"పొద్దున్నించీ అదే చెప్తా ఉండావు. ఇడ్లీపిండైనా ఈపాటికి పొంగుండును."

నాకు ఒళ్లు మండేది. నాలుగో రోజు మధ్యాహ్నానికి కొత్త పైథాన్ తన ఫోల్డరులో నిలబడింది, దాని మీద సర్వరు నిలబడింది, ఆర్డరు ఎక్కింది, ప్రింటరు లోంచి కాగితం కూడా వచ్చింది. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు ఊరుకుని ఇంటికి పోయి ఉంటే ఈ కథ లేదు.

మర్నాడు ఆయుధపూజ కావడంతో ఆ సాయంత్రమే మామ చీపురు పట్టుకుని బల్ల బల్ల దగ్గరికీ వస్తున్నాడు. "పాతవి, పనికిరానివి అన్నీ తీసి పారెయ్యాల. పాత గుజరీ సామాను పెట్టుకుని పూజ చేస్తే ఫలం ఉండదు. రేయ్, నీ డబ్బాలో కూడా ఏమన్నా ఉంటే క్లీన్ చెయ్యి" అన్నాడు. మామ మాట తీసేయకూడదు కదా. మెషిన్లో వెతికాను. పైథాన్లు రెండు కనిపించాయి. ఒకటి నేను నాలుగు రోజులు ఏడ్చి కట్టినది, రెండోది ముసలిది. కొత్తది ఉండగా పాతది దేనికి? ఫోల్డరుతో సహా తుడిచేశాను. సర్వరు నిక్షేపంగా నడుస్తూనే ఉంది. చూశారా, కాగితం రాసినవాడికే తెలియదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కాసేపటికి ప్రింటరు అమరికలో ఏదో మార్చబోతే ఆ ప్రోగ్రాము తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాను, అదీ లేదు. సూచనల కాగితం తీసి, దాటేసిన మూడోచోట చదివాను. మెషిన్ సొంత పనిముట్లు చాలావరకు ఆ పాత పైథాన్ మీదే నడుస్తాయట. మెషిన్ వేసిన ప్రతిసారీ ప్రింటరును సిద్ధం చేసేదీ వాటిలో ఒకటట. అంటే ఆపకుండా ఉంచితే ప్రింటు వస్తుంది, ఆపి మళ్లీ వేస్తే రాదు. ముసలిదాన్ని తిరిగి ఎక్కిద్దామంటే మెషిన్ అసలు సీడీలు సార్ బీరువాలో, బీరువా తాళం సార్ జేబులో, సార్ విజయవాడలో.

పూజ పొద్దున మామ కుంకుమ, బంతిపూలు, బూడిదగుమ్మడికాయతో వచ్చాడు. "స్విచ్చి ఆపు" అన్నాడు.

"దీన్ని మాత్రం ఆపొద్దు మామా."

"ఏమి? కింద మిషన్లన్నీ ఆపేసినారు, ఎంత సద్దులేకుండా ఉండాదో చూడు. ఆయుధం అన్నాక ఒక దినం పడుకోవాల. నీ డబ్బా ఏమన్నా దొడ్డ మనిషా?"

"అట్ల కాదు మామా, ఆపితే..."

ఆపితే ఏమవుతుందో చెప్పాలంటే నేనేం చేశానో చెప్పాలి. చెప్పలేదు. ఆయనే వంగి స్విచ్చి ఆపి, మెషిన్‌కి మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. ఆ ఏడు ఆయుధపూజలో నాకన్నా భక్తిగా మొక్కినవాడు బెంగళూరులో ఇంకొకడు ఉండి ఉండడు.

దసరా మర్నాడు నేను మెషిన్ వేస్తుండగానే సార్, దొడ్డబళ్ళాపురం పెద్దాయన కలిసే మెట్లెక్కారు. సర్వరుకు సొంత పైథాన్ ఉంది కాబట్టి చక్కగా లేచింది. పెద్దాయన తెర మీద ఆర్డరు చూసి, "బాగుండాదప్పా. కాగితంలో ఇయ్యి, మగ్గాలోళ్లకి చూపించాల" అన్నాడు. నొక్కాను. ప్రింటరు ఉలకదు పలకదు. ఇంకోసారి నొక్కాను. సార్ నావైపు చూశాడు. అప్పుడు మామ కుర్చీ లాక్కుని కూర్చుని, కంపెనీ కాగితం తీసి, తెర మీదున్నది ఉన్నట్టుగా, రంగు, అంచు, ఎన్ని చీరలు అన్నీ, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. పెద్దాయన నవ్వి, "ఇది మిషన్ కన్నా బాగుండాది. అయినా వచ్చేవారం మిషన్లోనే ఇయ్యండప్పా" అని, పని మాకే ఖాయం చేసి వెళ్లాడు.

సార్ మెషిన్ ముందు కూర్చుని పది నిమిషాల్లో సంగతి కనిపెట్టాడు. "హూ డిలీటెడ్ దిస్?" అన్నాడు. నేను ప్రింటరు తీగ సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు వంగాను.

"నేనే సార్" అన్నాడు మామ. "పండగకి పాతవి తీసెయ్యమని నేనే చెప్పినాను. పిల్లోడు వద్దనే అన్నాడు."

పైథాన్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. సార్ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అందరి ముందూ ఇంగ్లీషులో ఆయన్ని దులిపేశాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం కన్ఫర్మేషన్ లెటరు నా చేతికి వచ్చింది.

ఇంటికి వెళ్లే బస్సులో కిక్కిరిసిన జనం. ఒక్క సీటు దొరికితే మామ నన్ను కూర్చోమన్నాడు.

"నేను వద్దని ఎప్పుడన్నాను మామా?" అన్నాను.

"అనలేదని నాకు తెలీదా?" పైన కడ్డీ పట్టుకుని ఆయన వంగాడు. "నాది పర్మనెంటు. ఒక పూట తిట్టు తిన్నా ఉంటాను. నీది ప్రొబేషను." కండక్టరుకు ఇద్దరి టికెట్ల డబ్బులూ ఇచ్చి, "నువ్వు నోరు తెరుస్తావేమోనని మాత్రం రవ్వంత సేపు చూసినాను" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు ఆ వయసు పిల్లలు నా దగ్గర పనిచేస్తున్నారు, ఏదో ఒకటి తుడిచేసి నేల చూస్తూ నిలబడతారు, నాకు కోపం రావలసింది పోయి నవ్వు వస్తుంది. ఆ రోజు బస్సులో నేను ఎంత పశ్చాత్తాపపడ్డానో వాళ్లకి కథలు కథలుగా చెబుతాను. పడ్డమాట నిజమే. కాకపోతే ఆ పశ్చాత్తాపమంతా సీట్లో కూర్చునే పడ్డాను. ఇల్లు చేరేదాకా మామ నిలబడే ఉన్నాడు.