లప్పం పెట్టిన చింతపలక

ఆ ఆదివారం పొద్దున వికారాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాలు వంటశాలలోకి జంగప్ప అడుగుపెట్టగానే పొయ్యిలు చూడలేదు, గ్యాసు చూడలేదు. కూరగాయలు కోసే పలకలు ఎక్కడున్నాయని అడిగాడు. నలభై మూడేళ్లుగా ఏ వంటింట్లో కాలుపెట్టినా ఆయన మొదట అడిగేది అదే.

గోడకు చేరవేసిన నాలుగు ప్లాస్టిక్ పలకలు చూపించాడు హాలు మేనేజరు. కొన్ననాడు తెల్లగానే ఉండి ఉంటాయి. ఇప్పుడు వాటినిండా కత్తిగాట్లు. గాటుగాటులోనూ నల్లటి బూజు. జంగప్ప ఒకదాన్ని గోటితో గీకాడు. గోరుసందులోకి జిగటగా మడ్డి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిన్నటి ఉల్లిగడ్డ, మొన్నటి అల్లం, ఏ వారం కిందటిదో చేప కలిసి ఒక్కసారిగా కొట్టాయి.

"థూ! గివి పలకలా, పాయఖానా తలుపులా?"

"రోజూ కడుగుతనే ఉన్నం పెద్దాయనా," అన్నాడు మేనేజరు.

"కడిగితే గాటు లోపలికి నీ చెయ్యి పోతదా? పండ్లు తోముకునే బ్రష్షు పదేండ్లు వాడ్తవా నువ్వు? గీటి మీద కోసిన టమాటా కుక్క గూడ ముట్టదు!"

ఆ మాట ఆయన కాస్త గట్టిగానే అన్నాడు. గుమ్మంలో అప్పుడే ఆనాటి వంట చేయిస్తున్న రామచందర్ సేటు వచ్చి నిలబడ్డాడు మరి. సేటు చూస్తుండగానే నాలుగు పలకలనూ పట్టకారుతో ఒక్కొక్కటి పట్టుకొని, చచ్చిన ఎలుకను మోసినట్టు మోసుకెళ్లి, పెరట్లో విసిరేసి వచ్చాడు. మేనేజరు ముఖం మాడింది. సేటు ముఖం వెలిగింది.

జంగప్ప అంటే తాండూరు బజారులో తెలియనివాళ్లు లేరు. యాలాల్ దగ్గర చిన్న రైతు కుటుంబంలో పుట్టాడు. ఊరి బడిలో ఏడో తరగతి. ఇరవయ్యో ఎక్కం కిందినుంచి పైకి చెప్పి పంతులు చేత శెభాష్ అనిపించుకున్నవాడు ఆ బడి మొత్తంలో ఆయనొక్కడే. ఆ తర్వాత తాండూరులో ఒక హోటలులో కూరగాయలు కోసే పనికి కుదిరి, ఇరవై ఆరో ఏట సొంతంగా గరిటె పట్టాడు. ఇప్పటికి ఆరు వందల పదకొండు పెళ్లిళ్లు. గాలివానకు టెంటు ఎగిరిపోయిన నాడు పెద్దేముల్‌లో టార్పాలిన్ కింద పన్నెండు వందల మందికి పప్పు, చారు, రెండు కూరలు వేడివేడిగా దించాడు. కర్ణాటకనుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు జొన్నరొట్టె అడిగితే అర్ధగంటలో రెండు వందల రొట్టెలు కాల్పించి పెట్టాడు. పదకొండు శాలువాలు ఆయన ఇనప పెట్టెలో మడతలు నలగకుండా ఉన్నాయి. వీటన్నిటికన్నా ఆయన ఛాతీ పొంగే మాట ఒకటుంది: తన చేతి వంట తిని ఇంతవరకు ఒక్కరి కడుపూ నొయ్యలేదు.

అందుకు కారణం తన పలకేనని ఆయన నమ్మకం. చింతమాను కోయించి చేయించిన పలక అది. రెండు మూరల పొడవు, నాలుగు వేళ్ల మందం. పని అయిపోగానే గల్లుప్పు చల్లి, పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది, నీళ్లు కొట్టి, పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేలా నిలువుగా ఆనించేవాడు. తడి పలకను పడుకోబెట్టినవాడికి ఆయన దగ్గర మర్నాడు పని ఉండేది కాదు. అమావాస్యకు అమావాస్యకు కుసుమ నూనె పట్టించేవాడు. పల్లినూనె పడితే పది రోజులకు జిడ్డు కంపు కొడుతుందని, కుసుమ నూనె అయితే చెక్కలోకి ఇంకి ఆరిపోతుందని ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. గాట్లు లోతు పడితే పెద్దేముల్ వడ్రంగి ఇమ్మానుయేలు దగ్గరకు తీసుకెళ్లి చిత్రిక పట్టించేవాడు. అలా ఇరవై రెండేళ్లు నడిచింది.

పోయిన ఎండాకాలం ఆ పలక నడిమికి పగిలింది. వేలు దూరేంత పగులు. ఇమ్మానుయేలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీని ఆయుస్సు అయిపోయింది పెద్దాయనా. గాటు పడితే చిత్రిక పడ్త. పగిలినదానికి మందు లేదు. కొత్తది చేసిస్త, పది దినాలు ఆగు."

"నాకు చెప్తున్నవా పలక సంగతి? నువ్వు ఉలి పట్టకముందునుంచి కోస్తున్న నేను."

రోషంతో పలకను తిరిగి తాండూరుకు తెచ్చాడు. ఆయన బావమరిదికి అక్కడ నాపబండలు నునుపు పట్టే మిషన్లున్నాయి. బండకు సందు ఉంటే బండపొడి కలిపిన లప్పం కూరి, పైన నీళ్లు పోస్తూ మిషను తిప్పితే ఆ సందు ఎక్కడుందో దేవుడు కూడా కనిపెట్టలేడు. జంగప్ప తన పలకకూ అదే వైద్యం చేయించాడు. పగులునిండా లప్పం కూరించాడు. నీళ్లు పారిస్తూ మిషను తిప్పించాడు. చింతపలక అద్దంలా మెరిసింది.

"బండలనే అద్దం చేసే ఊరు మనది. గీ చెక్క ఒక లెక్కనా?" అని బజారంతా చూపించుకొచ్చాడు.

ఆయనతో పాటు పనిచేసే బిడ్డ మహేశ్వరి మాత్రం నెల తిరగకముందే ముక్కు ముడిచింది. "నాయినా, గీ పలక వాసనొస్తుంది."

"నీ ముక్కుకే జలుబు చేసింది."

ఆమె ఆయనకు చెప్పకుండా ఇమ్మానుయేలు చేత రెండు చిన్న పలకలు చేయించుకుంది. సామాను బండిలో సంచి చుట్టి దాచి తెస్తూ, తండ్రి చూడనప్పుడు ఆకుకూరలు వాటిమీదే కోసుకునేది.

ఇక ఆనాటి వంట మామూలు వంట కాదు. రామచందర్ సేటు తాండూరులో బియ్యం, కందిపప్పు వ్యాపారం చేస్తాడు. ఆయన బిడ్డ అంకిత నిశ్చితార్థం. మగపిల్లవాడిది వికారాబాద్. ఆ ఇంట్లో మూడు తరాల శుభకార్యాలకు జంగప్పే వండాడు. కాని ఈసారి సేటు తమ్ముడు ధనరాజ్ హైదరాబాద్ క్యాటరింగువాళ్లను పిలుద్దామని పట్టుబట్టాడు. సేటు తల్లి అనసూయమ్మ మధ్యలో కూర్చొని తీర్పు చెప్పింది: "జంగప్ప నిశ్చితార్థం వండుతడు. తిన్నంక చెప్త పెండ్లి ఎవలు వండాల్నో." ఆ ఇల్లు తనను వదులుకుంటే రేపు తాండూరులో ఏ ఇల్లూ తనను పిలవదని జంగప్పకు తెలుసు.

అందుకే నిమ్మకాయ పులిహోర పని ఎవరికీ వదల్లేదు. నూట యాభై నిమ్మకాయలు తన చింతపలక మీద తానే కోశాడు. రసం కారి పలక మీద మడుగు కట్టింది. పగులున్న చోట లప్పం మీద సన్నటి తెల్ల నురుగు లేచింది. చిటచిటమని బుడగలు పగిలాయి. జంగప్ప చూశాడు. గుడ్డతో తుడిచేశాడు. కోసిన చెక్కలన్నీ పలక మీదనుంచే గిన్నెలోకి దొర్లించి, పిండిన రసాన్ని అలాగే అన్నంలో కలిపాడు.

మొదటి పంక్తిలో అనసూయమ్మ కొత్త వియ్యంకుల పక్కన కూర్చుంది. పులిహోర రెండో ముద్దకు ఆమె నోట్లో కటుక్కుమంది. దవడ పట్టుకుంది. వేలితో తీసి చూస్తే తెల్లటి రాతిపలుకు. రెండు విస్తళ్ల అవతల ఇంకొకామె కూడా నోట్లో వేలు పెట్టింది.

"తాండూరు సంబంధమైతే బండలు గూడ వడ్డిస్తరని నాకు తెల్వదు," అన్నాడు వియ్యంకుడు. పంక్తి గొల్లుమంది.

అనసూయమ్మ నవ్వలేదు. "ఏం రా రామచందర్! బియ్యం దుకాణం పెట్టుకొని బిడ్డ నిశ్చితార్థానికి రాళ్ల బియ్యం తెస్తవా? సిగ్గు లేదా?"

నలుగురిలో సేటు తల దించుకున్నాడు. బియ్యం ఆయన దుకాణానివే. గబగబా వంటశాలకు వచ్చి, "నీ తప్పేం లేదు జంగప్పా, మా గోదాముల పనోళ్ల సంగతి నేను చూస్త," అనేసి పోయాడు.

జంగప్ప గుండెలమీదనుంచి బండ దిగింది. అది ఒక్క నిమిషమే. మహేశ్వరి ఆయన వంకే చూస్తోంది.

"బియ్యం నేనే చాటల పోసి చూసిన నాయినా. మూడుసార్లు కడిగిన. ఒక్క రాయి లేదు."

"నోరు మూసుకో!"

నోరైతే మూయించాడు కాని చెయ్యి ఆగలేదు. పలకను నల్లా కిందకు తీసుకెళ్లి, కత్తిమొనతో లప్పాన్ని పొడిచాడు. పుచ్చిపోయిన పన్ను ఊడినట్టు పిడికెడు లప్పం ఊడి కిందపడింది. ఆ బొర్రలోనుంచి గోధుమరంగు చీము లాంటిది సాగుతూ దిగింది. అందులో కుళ్లిన కొత్తిమీర పీచు. నెలల కిందటి టమాటా తొక్క. ఒక తెల్లటి పురుగు వెలుతురు చూసి మెలికలు తిరిగింది. పగుల్లోని చెత్త తీయకుండానే లప్పం కూరించి, పైన నీళ్లు పారించాడు కదా, పలక లోలోపలే కుళ్లింది. మురుగు మోరీ తెరిచినట్టు వాసన వచ్చింది. పొద్దున విసిరేసిన నాలుగు పలకలూ దీనిముందు అగరుబత్తులే.

మేనేజరు గుమ్మంలోకి వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఏంది పెద్దాయనా, మావి బయట పడేస్తివి గద. గీ కంపు యాడిది? గురివింద గింజకు కింది నలుపు కండ్లబడదంటరు, గిదేనా?"

ఒక్కరి కడుపూ చెడనివ్వని మనిషి మోరీ అంచున కూలబడి పొద్దున తాగిన చాయంతా కక్కుకున్నాడు. పురుగును చూసి కాదు. ఇలాంటి దానిమీద కోసి ఇన్ని నెలలుగా ఎన్ని ఇళ్లకు పెట్టాడో గుర్తొచ్చి. గాట్లలో మడ్డి ఉందని హాలువాడిని కుక్కను తిట్టినట్టు తిట్టిన నోరే తనది. దాన్ని నీళ్లతో ఎంత పుక్కిలించినా ఛీ అనిపించింది.

బయట రెండో పంక్తికి విస్తళ్లు వేస్తున్నారు. వడ్డించేవాడు పులిహోర గంగాళం మీద చెయ్యి వేశాడు.

ఊరుకుంటే పెళ్లి తనదే. రాళ్లు సేటు బియ్యానివని సేటే ఒప్పుకున్నాడు. జంగప్ప లేచాడు.

"ఆపు! పులిహోర ముట్టద్దు. ఒక్క మెతుకు గూడ బయటికి పోవద్దు."

"ఎందుకని అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు వడ్డించేవాడు.

"నేనే చెప్త."

పలకను రెండు చేతులా ఎత్తుకొని పంక్తిలోకి నడిచాడు. ముక్కులకు కొంగులు లేచాయి. అనసూయమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, సేటు బియ్యంల రాయి లేదు. గిది నా పలకల లప్పం. పగిలితే పారెయ్యక లప్పం పెట్టిచ్చిన. నిమ్మరసానికి కరిగి ఊడి అన్నంల పడ్డది. రాయి ఒక్కటే కాదు, లోపల కుళ్లింది. సేటును అనకుండ్రి. అనేదుంటే నన్ను అనుండ్రి."

అనసూయమ్మ వంగి ఆ బొర్రలోకి చూసింది. మరుక్షణం ఒళ్లు జలదరించి వెనక్కి జరిగింది. "ఛీ! ఛీ! దూరం జరుపు. గిది మాకు పెట్టినవా జంగప్పా?"

"పెట్టిన."

"మా ఆయన షష్టిపూర్తికి గూడ గీ పలకనేనా?"

"అప్పుడు మంచిగుండెనమ్మా."

"మంచిగున్నప్పుడు ఎవలైనా వాడ్తరు. చెడిపోయినంక విడువాలె. గంత తెలివి గలోనివి, గిది తెల్వలేదా?"

ఆరు వందల పదకొండు పెళ్లిళ్ల సంగతి జంగప్ప నోటిదాకా వచ్చి లోపలికే పోయింది.

ఈలోగా వంటశాలలో మహేశ్వరి సంచి విప్పింది. చేతికడ్డంగా పట్టేంత చిన్న పలకలు రెండు, గాటు లేనివి, కుసుమ నూనె పట్టినవి. ఒకదానిమీద పచ్చిమిర్చి, అల్లం, రెండోదానిమీద కొత్తిమీర తరిగి, మిగిలిన తెల్లన్నంలో పెరుగు కలిపి పోపు పెట్టింది. రెండో పంక్తి లేచేలోపు పెరుగన్నం గంగాళం ఖాళీ అయింది. పులిహోరను గుంత తీసి పూడ్పించింది.

భోజనాలయ్యాక అనసూయమ్మ కర్ర పోటేసుకుంటూ వంటశాలకు వచ్చింది. చిన్న పలకలను తిరగేసి, మరగేసి చూసింది. వేలితో రాసింది.

"ఎన్ని దినాలకు మారుస్తవ్ బిడ్డా గివి?"

"గాట్లు చిత్రికకు పోనంత లోతు పడ్డనాడే అమ్మా. పగులు కండ్లబడితే గదే దినం."

"పెండ్లి వంట నువ్వు చెయ్యి. ధనరాజ్‌కు నేను చెప్త." జంగప్ప వైపు తిరగకుండానే అంది, "మీ నాయిన రావాల్నంటే రానీ. వంటింట్ల మాట మాత్రం నీది. మొగోని పెద్దరికం పలక మీదికి రావొద్దు."

"సరే అమ్మా," అన్నాడు జంగప్ప, ఆమె తనను అడగకపోయినా.

సామాను బండి ఎక్కిస్తుంటే ఆయన చింతపలక మీద చెయ్యి వేశాడు. "ఇంటికి తీస్కపోయి పొయ్యిల పెడ్త."

"గా లప్పం పొగ ఎవలు పీల్చాలె? చెత్త బండికెయ్యి," అంది మహేశ్వరి. "చేతులు కడుక్కొని రా. పొద్దున్నుంచి ఏం తినలే నువ్వు."

చెత్త బండికి వేశాడు. సబ్బుతో కడిగాడు. ఉప్పుతో రుద్దాడు. చింతపండు పట్టించి మళ్లీ కడిగాడు. విస్తరి ముందు కూర్చొని పెరుగన్నం ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. వేళ్లనుంచి ఆ వాసన. ముద్ద విస్తరిలో పడింది. రెండోసారీ అంతే.

మహేశ్వరి విస్తరి తీసేసి, కొత్త విస్తరిలో అన్నం పెట్టి, పక్కన ఒక చెంచా ఉంచింది. నలభై మూడేళ్లు వేలమందికి పెట్టిన ఆ చెయ్యిని జంగప్ప తొడ కింద నొక్కిపెట్టి, ఎడమ చేత్తో చెంచా పట్టుకొని తినడం మొదలుపెట్టాడు.